అరవై రెండు వేల జనాభా సృష్టి వృత్తాంతం

చతుర్ముఖ బ్రహ్మ లోకాన్ని సృష్టించినప్పుడు ఫలానా తేదీలోగా ముగించాలని ఆయనకు గడువు ఉన్నట్టు గాని, ఖర్చు తగ్గించుకోమని పైనుంచి ఎవరైనా హెచ్చరించినట్టు గాని పురాణాలు ఎక్కడా చెప్పవు. దామోదర్‌కు ఆ రెండూ ఉన్నాయి. ముఖం మాత్రం ఒక్కటే.

అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో, పళ్ళ డాక్టరు క్లినిక్‌కూ పరుపుల దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఒక యానిమేషన్ స్టూడియో ఉండేది. గ్లెన్ అనే యజమాని, ఐదుగురు ఉద్యోగులు, తరచు అలిగే ఒక కాఫీ యంత్రం: ఇంతే ఆ సామ్రాజ్యం. రెండువేల పదమూడు జనవరిలో ఆ సామ్రాజ్యం దామోదర్‌కు ఒక స్టేడియాన్ని ప్రసాదించింది. అదొక ఫుట్‌బాల్ సినిమా. కుంటికాలి కథానాయకుడు ఆఖరి క్షణంలో బంతిని తన్నబోతాడు. చూసేవాళ్ళు ఆత్రం పట్టలేక లేస్తారు, కూర్చుంటారు, మళ్ళీ లేస్తారు. మొత్తం పదకొండు సెకన్లు. నిర్మాతల దగ్గర ఉన్న డబ్బు స్టేడియం అద్దెకు సరిపోయింది గాని అందులో కూర్చునేవాళ్ళకు సరిపోలేదు. కనుక ఖాళీ కుర్చీలను చిత్రీకరించి తెచ్చి, వాటిలో అరవై రెండు వేల మంది అమెరికన్లను కంప్యూటర్ మీద పుట్టించి కూర్చోబెట్టమన్నారు. పెద్ద స్టూడియోలు ఇలాంటి పనికి వాడే సాఫ్ట్‌వేర్ ఖరీదు గ్లెన్ కారు ఖరీదును మించినది.

"మన దగ్గర అది లేదు," అన్నాడు గ్లెన్. "నువ్వున్నావు."

ఈ వాక్యాన్ని దామోదర్ చాలా రోజుల పాటు ప్రశంసగానే భావించాడు.

ఆ అరవై రెండు వేల మంది స్థిరపడితే గాని అరవై రెండు వేల ఒకటో మనిషికి ఈ దేశంలో చోటు దొరకదు. ఆ ఒకటో మనిషి దామోదరే. ఖమ్మంలో బీటెక్ చదివి, ఇక్కడికొచ్చి యానిమేషన్‌లో మాస్టర్స్ చేశాడు. ఆ డిగ్రీని యూనివర్సిటీవారు లలితకళల్లో జమకట్టినందువల్ల, ఇంజనీర్లకు దొరికే అదనపు నెలలు అతనికి దొరకలేదు. చదువైన తరవాత ఏడాది పనిచేసుకోనిచ్చే అనుమతి జూన్ ఆరో తేదీతో సరి. ఈలోగా స్టూడియో అతని తరఫున హెచ్ వన్ వీసాకు దరఖాస్తు పెట్టాలి. ఏప్రిల్ మొదటి వారం దాటితే ఆ తలుపు మరుసటి ఏడాది దాకా తెరుచుకోదు.

గ్లెన్ చెడ్డవాడు కాడు, తర్కం తెలిసినవాడు. "క్లయింట్ ఈ షాట్ ఓకే చేస్తే నాకు ఏడాదికి సరిపడా పనుంటుంది. పనుంటే నీ కాగితాల మీద సంతకం పెడతాను. పని లేకపోతే, దేనికోసమని పెట్టను?"

ఈ తర్కంలో దామోదర్ ఎంత వెతికినా లోపం దొరకలేదు.

తక్కువ ఖర్చుతో జనాన్ని సృష్టించే విద్యలో మొదటి సూత్రం, ముఖాలను ఎవరూ చూడరన్నది. అంత దూరం నుంచి పన్నెండు ముఖాలు, ముప్ఫై చొక్కాలు, కొన్ని టోపీలు చాలు. పట్టిచ్చేది కదలిక. చప్పట్లు కొట్టే మనిషి కదలికలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కాని అతడు శూన్యంలో ఒంటరిగా నిలబడి కొడుతున్నాడు. అతన్ని అరవై రెండు వేలసార్లు పక్కపక్కన నిలబెడితే వచ్చేది జనసమూహం కాదు, అరవై రెండు వేల ఒంటరితనాలు. ఇక్కడే దామోదర్ తన మహాసిద్ధాంతాన్ని కనిపెట్టాడు: జనమంటే ఒక్కొక్కరు కాదు, ఇద్దరిద్దరు. పక్కవాడు లేస్తే మనం లేస్తాం. పక్కవాడి మోచేయి తగిలితే సర్దుకుంటాం. అందుచేత కదలికలను జంటలుగా పట్టుకోవాలి. దీనిపై అతడు పద్నాలుగు పేజీల పత్రం రచించి గ్లెన్‌కు సమర్పించాడు. గ్లెన్ దాన్ని తెరిచినట్టు కంప్యూటర్‌లో ఆధారాలేవీ లేవు.

ఇక మనుషులు కావాలి. చాండ్లర్‌లో జీతం ఇవ్వకుండా ఇరవై ఇద్దరిని పోగుచేయదలచిన యువకుడికి తెలుగు సంఘం తప్ప వేరే గతి లేదు. సంఘాధ్యక్షుడు వీరభద్రరావు వారమంతా కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ముక్కూ మూతీ కప్పుకుని మౌనంగా పనిచేసే మనిషి. అందువల్లనేమో, ఆదివారం మైకు చేతికందితే వదిలేవాడు కాదు.

"అమెరికన్ సినిమాలో మనవాళ్ళా?" అన్నాడాయన ఆశ్చర్యంగా.

"మనవాళ్ళ కదలికలే అంకుల్. మొహాలు వేరేవి పెడతాను."

"అంటే ఒళ్ళు మనది, మొహం వాళ్ళది."

"అంతే అంకుల్."

"ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో నేను చేస్తున్నదీ అదే కదయ్యా. వస్తాంలే."

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, సంఘం హాల్లో, పులిహోర భోజనాలయ్యాక, ఆ మహాయజ్ఞం జరిగింది. కదలికలను పట్టే యంత్రం, పిల్లలు టీవీ ముందు గెంతుతూ ఆడుకునే వీడియో గేమ్‌తో వచ్చే కెమెరా. అది ఒకసారికి ఇద్దరినే చూడగలదు; ఆ ఇద్దరూ కాస్త ఎడంగా జరిగితే ఒకరు దాని దృష్టిలో లేనట్టే. అందుకని రెండు మడతకుర్చీలను అంటించి వేశాడు. జంట వెంట జంట వచ్చి ఆ కుర్చీల్లో కూర్చుని, లేని ఆటను చూసి లేచి, అరిచి, కూలబడి, మళ్ళీ లేచింది. దామోదర్ రూమ్మేట్ లోకేష్‌కు దమయంతి అనే టెస్టింగ్ ఇంజనీర్ జంటగా కుదిరింది.

వీరభద్రరావు తల్లి రాజేశ్వరమ్మ ఆర్నెల్ల కోసం కొడుకు దగ్గరికి వచ్చి ఉంది. ఆవిడ చీరను చూసి కెమెరా ఆవిడను ఒంటికాలి జీవిగా నిర్ధారించింది. చేసేది లేక, నడుము కింది భాగానికి మనవరాలు నిధి కాళ్ళను అరువు తీసుకోవాలని దామోదర్ నిశ్చయించాడు. నిధి ఇక్కడే పుట్టి హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్ల.

"బామ్మాకి నా లెగ్స్ పెడ్తారా అన్నా? దట్స్ సో వియర్డ్."

"పెట్టనీవే," అంది రాజేశ్వరమ్మ. "నొప్పులు లేని మోకాళ్ళు ఎవరివైతేనేం."

ఆ తరవాత అయిదు వారాలు సృష్టి సాగింది. పదకొండు జంటలను విడగొట్టకుండా తీసుకుని, ఒక జంటను కాస్త ముందూ ఒక జంటను కాస్త వెనకా కదిలించి, చొక్కాలు మార్చి, లావు సన్నాలు సవరించి, వరస వెంట వరసను నింపుతూ పోయాడు. తొలి వరస నిండిన రోజు అతనికి తన చేతుల మీద గౌరవం కలిగింది. ఇంట్లో లోకేష్ మాత్రం ఏ రోజు గౌరవం ఆ రోజే తగ్గించేవాడు.

"ఏంరా బ్రహ్మదేవా, ఇయ్యాల ఎంతమందిని పుట్టిచ్చినవ్?"

"నాలుగు వేలు."

"అంతమందిని ఒక్కరోజులనా?"

"కాపీ పేస్టే కదరా, కొంచెం కొంచెం మారుస్తూ."

"పైనున్నాయన గూడ గంతే చేసినట్టుంది. మన బీటెక్ బ్యాచ్‌ల చూడలే? ఆ కొంచెం మార్చుడు గూడ మర్చిపోయిండు."

మార్చి మొదటి వారానికి స్టేడియం నిండింది. లోకేష్ చూసి, "అరే, నిజంగ మనుషుల్లెక్కనే ఉన్నర్రా" అన్నాడు. వీరభద్రరావు ఫోన్లో చూసి, తన జంట ఏ వరసలో ఎన్నిసార్లు వచ్చిందో జాబితా రాసి పంపమన్నాడు. గ్లెన్ చూసి ఆ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనవలసిన అవసరం తప్పిందని గ్రహించి చప్పట్లు కొట్టాడు. లాయరుకు ఫోన్ చేసి, కాగితాలు సిద్ధంగా పెట్టమని కూడా చెప్పాడు. దామోదర్ ఆ పదకొండు సెకన్లను, కనీసం రెండు వేల సార్లు చూశాడు. ఒక్క లోపమూ కనపడలేదు.

మార్చి పద్నాలుగు, గురువారం నాడు, లాస్ ఏంజెలెస్ నుంచి బార్బరా వచ్చింది. సినిమావారి తరఫున ఇటువంటి దృశ్యాలకు ఆమోదముద్ర వేసే అధికారిణి ఆమె. మొదటిసారి చూసి చాలా బాగుందంది. రెండోసారి తల ఒక పక్కకు వంచింది. మూడోసారి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"వీళ్ళు ఏం వెతుకుతున్నారు?"

"ఎవరు?" అన్నాడు దామోదర్.

"అందరూ. అరవై రెండు వేల మందికీ ఒకేసారి కాంటాక్ట్ లెన్సులు జారి పడిపోయాయా?"

గ్లెన్ నవ్వాడు. ఆమె నవ్వడం లేదని గమనించి ఆపేశాడు. దామోదర్ తెరకేసి చూశాడు. జనం లేస్తున్నారు, కూర్చుంటున్నారు. మనుషులు లేచి కూర్చున్నట్టే ఉంది.

బార్బరా పెన్సిల్ తీసుకుని తెర దగ్గరకు వెళ్ళింది. "ఇదిగో ఈమెను చూడు. కూర్చుంది. వంగింది. పక్కతని మోకాలు ముట్టుకుంది. ఆ వేళ్ళను కళ్ళకు ఆనించుకుంది. ఏడుస్తోందా? సరే, భావోద్వేగం ఎక్కువైన మనిషి అనుకుందాం. మరి వెనకున్న ఈ టోపీవాడు? ఆ మూల నలుగురు? అక్కడ పై వరసలో ఎంతమందో నాకు లెక్క తేలడం లేదు. మా హీరో ఇంకా బంతి తన్ననే లేదు. వీళ్ళు ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళు ముట్టుకుని కన్నీళ్ళు తుడుచుకుంటున్నారు."

అప్పుడు కనపడింది.

కాలు తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకోవడం ఎవరు నేర్పారో, ఏ వయసులో నేర్పారో తెలుగువాళ్ళకు ఎవరికీ గుర్తుండదు. అది మర్యాద అని కూడా ఎవరూ అనుకోరు. రెప్ప వేయడం లాంటిది. అంటించి వేసిన మడతకుర్చీల్లో లేచి కూర్చున్న ప్రతిసారీ కాలికి కాలు తగిలింది. తగిలిన ప్రతిసారీ తగిలించినవాళ్ళు చెయ్యి చాపి, తాకి, కళ్ళకద్దుకుని, మళ్ళీ ఆటలో పడ్డారు. పదకొండు జంటల్లో పదకొండూ అంతే. దామోదర్ రెండు వేల సార్లు చూశాడు, లోకేష్ చూశాడు, వీరభద్రరావు చూశాడు. ఎవరికీ ఏమీ కనపడలేదు. ఇప్పుడు మాత్రం ఆ స్టేడియంలో అది తప్ప మరేదీ కనపడడం లేదు. మిడ్‌వెస్ట్ రాష్ట్రాల నుంచి వచ్చిన అరవై రెండు వేల మంది రైతులు, ప్లంబర్లు, మాజీ సైనికులు పరస్పర పాదదోష నివారణ చేసుకుంటూ అలలు అలలుగా వంగి లేస్తున్నారు.

అతడు ఆచారాన్ని వివరించాడు. కాలు అంటే ఏమిటో, తగిలితే ఏమిటో, కళ్ళకు ఎందుకో. బార్బరా నిజమైన శ్రద్ధతో విన్నది.

"ఎంత అందంగా ఉంది!" అంది చివరికి. "బుధవారంలోగా తీసెయ్."

ఆ మాటకు అందరికన్నా ముందు గ్లెన్ తలూపాడు. మళ్ళీ లాయరుకు ఫోన్ చేసి, కాస్త ఆగమన్నాడు.

తీసేయడానికి దామోదర్ మొదట కత్తిరించి చూశాడు. కూర్చోవడానికీ మళ్ళీ లేవడానికీ మధ్య ఉన్న అతుకు సరిగ్గా అదే. దాన్ని కోసేస్తే, కుర్చీల కింద ఎవరో ఒక్కసారిగా నిప్పు పెట్టినట్టు స్టేడియమంతా ఎగిరిపడింది. ఇక మళ్ళీ పట్టుకోవడమే శరణ్యం. ఆదివారం పదకొండు జంటలూ హాలుకు వచ్చాయి. వీరభద్రరావు మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! నేటి మన కార్యక్రమం, కాలు తగిలినా పట్టించుకోకపోవడం. దామోదర్ భవిష్యత్తు మన కాళ్ళ మీద ఆధారపడి ఉంది. దయచేసి ఎవరూ దణ్ణం పెట్టుకోకండి."

లోకేష్, దమయంతి కూర్చున్నారు. లేచారు, కూలబడ్డారు. లోకేష్ బూటు దమయంతి చెప్పుకు తగిలింది. అతని చెయ్యి సగం దూరం వెళ్ళి గాలిలో కొయ్యబారింది.

"ఆగిన రా! చూసినవా, ఎట్ల ఆగినో?"

"ఆగినట్టు కనిపిస్తోంది రా. అదే ప్రాబ్లం."

"మరి నేనైతే బెస్ట్," అంది దమయంతి. "కాళ్ళు రెండూ కుర్చీ కింద పెట్టేసి మెలేశా. కదిలితే కదా తగిలేది."

"కదలకపోతే ఎలా అండీ? మీరు లేచి అరవాలి."

"కూర్చునే అరుస్తా. మా ఇంట్లో మ్యాచ్ అలాగే చూస్తాం."

మూడో జంట తగలకముందే భయపడి మోకాళ్ళు పక్కకు లాక్కుంది. ఆరో జంటలో భార్య ఆపుకుంది గాని, ఆపుకున్నందుకు భర్త వైపు తిరిగి క్షమాపణగా చూసింది. ఆ చూపు దణ్ణం కన్నా పొడవుగా ఉంది. తొమ్మిదో జంట వీరభద్రరావుదే. ఆయన అద్భుతంగా నిగ్రహించుకుని, దృశ్యం ముగిశాక, ఆపు అనకముందే, బాకీ తీర్చుకున్నట్టు మూడుసార్లు కళ్ళకద్దుకున్నాడు.

ఆఖరిది రాజేశ్వరమ్మ, నిధి.

"కాలు తగిలితే ఊరుకోమంటావు. అంతేనా నాయనా?"

"అంతే బామ్మగారూ. పది సెకన్లు."

"ఊరుకుంటాను. ఆ పాపం ఎవరికి మరి?"

"నాకు తగలనివ్వండి."

"పెళ్ళి కావలసినవాడివి, నీకెందుకు తగలనిస్తాను!" అని, కాలు తగలగానే ఆవిడ యథావిధిగా కళ్ళకద్దుకుంది. ఈసారి అతని పేరు మీద కూడా ఒకటి అదనంగా అద్దుకుంది.

నిధి మీదే అతని చివరి ఆశ. "నేను ఇక్కడే పుట్టాను కదా అన్నా. ఐ డోంట్ ఈవెన్ డూ దట్," అంది ఆ పిల్ల ధీమాగా. లేచింది, అరిచింది, కూర్చుంది. బామ్మ పాదానికి షూ తగిలింది. తాకింది, కళ్ళకద్దుకుంది.

"ఇప్పుడు చేశావు," అన్నాడు దామోదర్.

"నో, నేను చెయ్యలేదు."

అతడు తెర మీద చూపించాడు. నిధి నోరు తెరిచి చూసింది. తన చెయ్యి తనకు చెప్పకుండా ఇంతకాలం ఏమేం చేస్తోందోనన్న భయం ఆ ముఖంలో కనిపించింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే. ఏడోసారి రెండు చేతుల మీదా కూర్చుంది. చేతుల మీద కూర్చున్న అభిమానుల వల్ల ఏ జట్టుకూ ఉత్సాహం రాదు.

సోమవారం అతడు అసలు అమెరికన్లను ప్రయత్నించాడు. భోజన విరామంలో గ్లెన్, పరుపుల దుకాణపు సేల్స్‌మన్, పళ్ళ డాక్టరు రిసెప్షనిస్టు వచ్చి కూర్చున్నారు. మోకాలు తగిలితే "సారీ" అనుకుని ఎవరి వైపుకు వాళ్ళు ఒరిగారు. చక్కగా ఉంది. కాని ముగ్గురితో అరవై రెండు వేలు నింపితే ఇరవై వేల మంది పరుపుల సేల్స్‌మన్‌లు ఏకకాలంలో పొట్ట గోక్కుంటారు. ఎంత ముందువెనకలుగా కదిలించినా కన్ను మోసపోలేదు. మనుషులు కావలసినంతమంది ఉన్నచోట ఆ దణ్ణం ఉంది. దణ్ణం లేనిచోట మనుషులు లేరు.

చివరికి మంగళవారం తన పద్నాలుగు పేజీల సిద్ధాంతాన్ని తానే కాలరాసి, సంఘం వాళ్ళను ఒక్కొక్కరినే, పక్క కుర్చీ లేకుండా కూర్చోబెట్టి పట్టుకున్నాడు. తగలడానికి పక్కన కాలు లేదు గనుక ఏ చెయ్యీ లేవలేదు. బుధవారం ఉదయానికి స్టేడియం మళ్ళీ నిండింది.

బార్బరా ఈసారి లాస్ ఏంజెలెస్ నుంచే, వీడియో కాల్‌లో చూస్తోంది. నాలుగుసార్లు చూసింది.

"ఆ ముట్టుకునే పని పోయింది," అంది. "మంచిది. కాని వీళ్ళెవరు? డ్రైవింగ్ లైసెన్సు కోసం వరసలో కూర్చున్నవాళ్ళలా ఉన్నారు. మొదటిదానిలో ప్రాణం ఉంది, దామోదర్. నాకు ఆ ప్రాణం కావాలి, ఆ పని వద్దు."

"ఆ రెండూ..." అన్నాడతడు.

శుక్రవారం గ్లెన్ తలుపు దగ్గరగా వేసి చెప్పాడు: షాట్‌ను వేరే పెద్ద కంపెనీకి ఇచ్చేశారు. ఏడాదికి సరిపడే పని కూడా దాని వెంటే పోయింది. సంతకం మాట గ్లెన్ ఎత్తలేదు, దామోదర్ ఎత్తలేదు. ఆ తర్కంలో లోపం లేదని ఇద్దరికీ తెలుసు. ఏప్రిల్ మొదటి వారం, మిగతా వారాల్లాగే, సోమవారంతో మొదలై ముగిసింది.

గ్లెన్ చేయగలిగిన దయ ఒక్కటి చేశాడు: మే నెలాఖరు దాకా అతన్ని ఉద్యోగంలో ఉంచాడు. ఆ రోజుల్లో అతని పని, తన సృష్టిని పెట్టెలో సర్దడం. ఒప్పందం ప్రకారం ఫైళ్ళన్నీ కొత్త కంపెనీకి అప్పజెప్పాలి. పదకొండు జంటలకూ పదకొండు ఫోల్డర్లు చేసి పేర్లు రాశాడు. లోకేష్–దమయంతి. రాజేశ్వరమ్మ–నిధి. చొక్కాలు, కాళ్ళు, టోపీలు విడివిడిగా. అరవై రెండు వేల మందీ అరచేతిలో ఇమిడే ఒక హార్డ్ డ్రైవ్‌లో పట్టారు. కొత్త కంపెనీకి హైదరాబాదులో ఒక శాఖ ఉందనీ, జనం పనులన్నీ అక్కడే చవకగా చేయిస్తారనీ, పార్సెల్ మీద అడ్రసు రాస్తున్నప్పుడు అతనికి తెలిసింది. సృష్టికర్త కన్నా రెండు వారాల ముందే సృష్టి బయలుదేరింది. దానికి వీసా అడిగినవాళ్ళు లేరు.

మే ముప్ఫైన, పొద్దున్న ఏడు గంటలకు, అతడు సూట్‌కేసు మూత బలంగా నొక్కుతుండగా ఫోన్ మోగింది.

"దామోదర్ గారేనా అండీ? నేను హైదరాబాద్ నుంచి కనకదుర్గని. మీ స్టేడియం షాట్ ఇప్పుడు మా టీమ్‌లో ఉంది. గ్లెన్ గారు మీ నంబర్ ఇచ్చారు."

"చెప్పండి."

"ముందు కంగ్రాట్స్ అండీ. ఆ పెయిర్స్ ఐడియా అద్భుతం. మీ డాక్యుమెంట్ పద్నాలుగు పేజీలూ చదివాను. మా వాళ్ళందరిచేతా చదివించాను."

సూట్‌కేసు మూత మళ్ళీ తెరుచుకుంది. అతడు దాన్ని అలాగే వదిలేసి మంచం అంచున కూర్చున్నాడు.

"థాంక్సండీ."

"ఒక్కటే డౌట్. మీ ఫస్ట్ వెర్షన్‌కి క్లయింట్ నోట్ ఉంది, 'ఆ జెస్చర్ తీసేయాలి' అని. ఏ జెస్చర్ అండీ? పొద్దుట్నుంచీ ఇరవై మందిమి చూస్తున్నాం. మాకేం కనపడట్లేదు."

"మూడో వరస చూడండి. ఎడమ చివర నీలం చొక్కా ఆవిడ."

"ఆఁ. లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది."

"మధ్యలో?"

"మధ్యలో ఏముందండీ? పక్కాయనకి కాలు తగిలింది, కళ్ళకద్దుకుంది. తర్వాత లేచింది."

"అదేనండీ."

"ఏది?"

"కళ్ళకద్దుకోవడం."

వెనకనుంచి ఎవరో "ఏంటంట మేడం?" అని అడగడం వినపడింది. ఎవరో కీబోర్డు నొక్కారు; ఆ పదకొండు సెకన్లు అక్కడ మళ్ళీ మొదలై ఉంటాయి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి "ఓ" అన్నారు.

"అది తప్పా అండీ?" అంది కనకదుర్గ.

"తప్పేనట."

"మరి కాలు తగిలితే వాళ్ళు ఏం చేయాలి?"

దామోదర్‌కు సమాధానం తెలుసు. ఈ దేశంలో మూడేళ్ళు ఉండి సంపాదించిన జ్ఞానం అదొక్కటే కాబోలు. "ఏమీ చేయకూడదండీ. తగిలినట్టే తెలియకూడదు. కాని పక్కన మనిషి ఉన్నట్టు మాత్రం తెలియాలి."

"మీరెలా చేశారు?"

"నావల్ల కాలేదండీ."

ఆమె ఏదో రాసుకుంటున్నట్టుంది. ఈ అవకాశం పోతే మళ్ళీ రాదని తోచి, గొంతు సవరించుకుని అడిగాడు. "మీ దగ్గర ఓపెనింగ్స్ ఏమైనా ఉన్నాయా మేడం? జూన్‌లో అక్కడే ఉంటాను."

"లేవండీ," అంది ఆమె, కఠినంగా ఏమీ కాదు. "మమ్మల్నే ఈ షాట్ వరకు తీసుకున్నారు. ఇది ఓకే అయితే ఉంచుతారట. అందుకే ఇంత పొద్దుపోయినా కూర్చున్నాం." తరవాత గొంతులో హుషారు తెచ్చుకుంది. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి. మావాళ్ళతోనే చేయించి చూస్తాను. మరీ అంత కష్టమా?"

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడయింది. కుర్చీలు రెండు గచ్చు మీద ఈడ్చుకుంటూ దగ్గరకు జరిగాయి. ఎవరో నవ్వారు, ఎవరో చెప్పులు విప్పనా అని అడిగారు. ఒకటి, రెండు, మూడు అని కనకదుర్గ లెక్కపెట్టింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఇద్దరు లేచి అరిచి కూలబడ్డారు. ఒక క్షణం ఏమీ లేదు.

"అయ్యో, సారీ మేడం," అన్నదొక గొంతు. "చెయ్యి దానంతటదే పోయింది."

"పర్లేదు," అంది కనకదుర్గ. "మళ్ళీ."

అరిజోనాలో ఎండ అప్పుడే కిటికీ రెక్క మీదికి ఎక్కుతోంది. దామోదర్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. కుర్చీలు మళ్ళీ కిర్రుమన్నాయి.

"మళ్ళీ," అంది కనకదుర్గ.